సంవత్సరారంభం - ఋతుధర్మం : ఒక తులనాత్మక పరిశీలన

ఉపక్రమం

కాలం అఖండం. వ్యవహార సౌలభ్యం కోసం మానవుడు దానిని దినాలుగా, పక్షాలుగా, మాసాలుగా, వత్సరాలుగా విభజించుకున్నాడు. ఈ విభాగాలలో దినానికి సూర్యోదయం, పక్షానికి చంద్రుని వృద్ధిక్షయాలు ప్రత్యక్ష ప్రమాణాలు. సంవత్సరానికి మాత్రం అట్టి ఏకైక ప్రమాణం ఆకాశంలో కనబడదు. సూర్యుని వార్షిక గమనం చక్రం వంటిది. చక్రానికి ఏ బిందువునైనా మొదలని చెప్పవచ్చును. అందువలననే లోకంలో ఒక్కొక్క జాతి ఒక్కొక్క దినాన్ని సంవత్సరాదిగా గ్రహించినది. ఆంధ్ర, కర్ణాట, మహారాష్ట్ర దేశాలవారికి చైత్ర శుక్ల ప్రతిపత్తు, తమిళులకు మేష సంక్రమణం, గూర్జరులకు కార్తీక శుక్ల ప్రతిపత్తు, పారశీకులకు వసంత విషువత్తు, యూదులకు శరత్కాలపు అమావాస్యానంతర దినం, చైనీయులకు జనవరి 21 మొదలు ఫిబ్రవరి 20 వరకు గల కాలంలో వచ్చే అమావాస్య సంవత్సరాదులు.

ఈ పండుగల ఆచార వైవిధ్యాన్ని వర్ణించిన రచనలు అనేకం ఉన్నవి. ఆ వైవిధ్యం వెనుక ఉన్న ఒక సామాన్య ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. సంవత్సరాది తాను పుట్టిన ఋతువును విడిచిపోకుండ ఏ జాతి ఏ ఏర్పాటు చేసుకున్నది? మన ఉగాది విషయంలో ఆ ఏర్పాటు ఎంతవరకు నిలిచి ఉన్నది?

శబ్ద విచారం

ముందుగా శబ్దాలను పరిశీలింతము. ఋతువులు దేనియందు కలిసి వసిస్తాయో అది సంవత్సరమని పెద్దలు వ్యుత్పత్తి చెప్పినారు. అమరసింహుడు సంవత్సర పర్యాయాలలో అబ్దం, హాయనం, శరత్తు, సమ అనే శబ్దాలను చేర్చినాడు. అబ్దమనగా నీటిని ఇచ్చునది. మేఘానికి కూడ అదే పేరు. వర్షమనే శబ్దం వానకు, వత్సరానికి సమానంగా చెల్లుతున్నది. వేదంలో ఆయుర్దాయాన్ని నూరు శరత్తులని, నూరు హిమాలని లెక్కించిన ప్రయోగాలు కలవు. వానతో కొలిచినవారికి సంవత్సరం వర్షమైనది. చలితో కొలిచినవారికి హిమమైనది. సంవత్సరవాచకాలలో ఇన్ని ఋతువాచకాలు ఉండడం యాదృచ్ఛికం కాదు. సంవత్సరమంటే ఋతువు తిరిగి రావడమే అనే భావన ఈ శబ్దాలన్నింటిలోను ఇమిడి ఉన్నది.

తెలుగున సంవత్సరానికి దేశ్యపదం 'ఏఁడు'. సంఖ్యావాచకమైన 'ఏడు'తో దీనికి సంబంధం లేదు. అర్ధానుస్వారం ఈ భేదాన్ని సూచిస్తున్నది. 'ఏండ్లు' అని బహువచనం చేసినప్పుడు ఆ అనుస్వారం పూర్ణమై బయటపడుతున్నది. తమిళంలోని 'యాండు', 'ఆండు' దీనికి సోదర శబ్దాలు.

'ఉగాది' అనేది 'యుగాది' శబ్దానికి తద్భవం. ఇక్కడ యుగశబ్దార్థం విచారణీయం. పురాణాలు శ్రాద్ధ ప్రకరణంలో పేర్కొన్న యుగాది తిథులు నాలుగు. అవి వైశాఖ శుక్ల తృతీయ, కార్తీక శుక్ల నవమి, భాద్రపద కృష్ణ త్రయోదశి, మాఘ అమావాస్య. వీటిలో చైత్ర శుక్ల ప్రతిపత్తు లేకపోవడం గమనింపదగినది. వేదాంగ జ్యోతిషంలో యుగమనగా అయిదు సంవత్సరాల కాలం. సూర్యచంద్రులు ధనిష్ఠా నక్షత్రంలో కలిసి ఉండగా, మాఘ శుక్ల ప్రతిపత్తున, ఉత్తరాయణారంభంతో ఆ యుగం మొదలవుతుంది. కాబట్టి మన 'ఉగాది'లోని యుగశబ్దం కృతత్రేతాదుల కంటె కాలచక్ర పరివర్తనమనే సామాన్యార్థంలో స్థిరపడినదని భావించడం యుక్తం. చైత్ర శుక్ల ప్రతిపత్తున బ్రహ్మ జగత్సృష్టికి ఉపక్రమించినాడన్న బ్రహ్మపురాణ వచనాన్ని హేమాద్రి చతుర్వర్గ చింతామణిలో ఉదాహరించినాడు. ఉగాది ప్రాశస్త్యానికి ధర్మశాస్త్రకారులు చూపే ఆధారాలలో ఇది ముఖ్యమైనది.

వేదంలో సంవత్సరముఖ చర్చ

సంవత్సరారంభం ఎప్పుడనే ప్రశ్న నూతనమైనది కాదు. తైత్తిరీయ సంహిత సప్తమ కాండలో గవామయనమనే సంవత్సర సత్రానికి దీక్ష ఎప్పుడు స్వీకరింపవలెననే చర్చ కలదు. మొదట ఏకాష్టకను, అనగా మాఘ కృష్ణాష్టమిని ప్రస్తావించి, అది సంవత్సరంలో పీడితమైన భాగమని దోషం చూపినది. తరువాత ఫల్గునీ పూర్ణిమను సంవత్సరముఖమని చెప్పి, దానికి ఒక దోషాన్ని పేర్కొన్నది. ఆనాడు ప్రారంభిస్తే సత్రం నడుమ వచ్చే విషువద్దినం మేఘావృతమైన కాలంలో పడుతుందట. పిమ్మట చిత్రా పూర్ణిమను చెప్పి, దానికి అట్టి దోషం లేదన్నది. చివరకు పూర్ణిమకు నాలుగు దినాల ముందటి దీక్షను ప్రశస్తమైనదిగా నిర్ణయించినది.

ఈ ప్రకరణాన్ని ఆధారంగా చేసుకొని లోకమాన్య బాలగంగాధర తిలక్ 1893లో ప్రకటించిన 'ఓరియన్' గ్రంథంలో వేదకాల నిర్ణయానికి ప్రయత్నించినాడు. ఆ నిర్ణయాన్ని అంగీకరించినా, అంగీకరించకపోయినా, మనకు కావలసిన అంశం ఒకటి ఇందులో స్పష్టం. దీక్షాదిన నిర్ణయంలో శ్రుతి మేఘాలను లెక్కలోనికి తీసుకున్నది. సంవత్సరముఖం ఋతువుకు అనుకూలంగా ఉండవలెనని, ప్రతికూలమైతే మరొక దినాన్ని పరిశీలింపవచ్చునని ఆ చర్చాసరణి వలన తెలియవస్తున్నది.

మూడు మార్గాలు

చాంద్రమాసం ఇంచుమించు ఇరవైతొమ్మిదిన్నర దినాలు. అట్టివి పన్నెండు కలిస్తే 354 దినాలు. సూర్యుడు ఒక వసంత విషువత్తు నుండి మరల వసంత విషువత్తుకు రావడానికి 365 దినాల 5 గంటల 48 నిమిషాల 45 సెకండ్లు పడుతున్నది. ఈ రెండింటికిని నడుమ ఉన్న పదకొండు దినాల అంతరమే సర్వదేశాల కాలగణనలకు మూల సమస్య. దీనికి లోకంలో మూడు పరిష్కారాలు ఏర్పడినవి.

మొదటిది శుద్ధ చాంద్రమార్గం. ఇస్లాం మతావలంబుల హిజ్రీ గణన దీనికి ఉదాహరణ. ఖురాను అధికమాసాన్ని నిషేధించినది. కనుక ముహర్రం మాసం ఏటేటా పదకొండు దినాలు వెనుకకు జరుగుతూ ఇంచుమించు ముప్పైమూడు సంవత్సరాలలో సమస్త ఋతువులను చుట్టివస్తుంది. తెలుగు పల్లెలలో హిందువులు, ముస్లిములు కలిసి జరుపుకొనే పీర్ల పండుగ ఒకప్పుడు ఎండలలోను, మరొకప్పుడు వానలలోను రావడం అందరికిని తెలిసినదే. ఇది గణనలోని లోపం కాదు. బుద్ధిపూర్వకంగా స్వీకరించిన నియమం. అయితే శిస్తు వసూలుకు ఈ గణన పొసగలేదు. పంట రాకముందే సంవత్సరం వస్తే రైతు ఏమి చెల్లించగలడు? అందువలన అక్బరు కాలంలో పంటను అనుసరించే ఫసలీ గణన ఏర్పడినది. 'ఫసల్' అంటే పంట. జూలై 1వ తేదీతో ఆరంభమయ్యే ఫసలీ సంవత్సరం ఆంధ్రదేశపు రెవిన్యూ లెక్కలలోను, అడంగళ్లలోను, జమాబందీలోను చిరకాలంగా వాడుకలో ఉన్నది. పండుగకు చంద్రుడు, పన్నుకు పైరు ప్రమాణాలైనవి.

రెండవది సౌరమార్గం. ఇందులో ఇరానీయుల నౌరోజు సర్వోత్తమమైన ఉదాహరణ. సూర్యుడు వసంత విషువత్తును దాటే క్షణమే వారి సంవత్సరారంభం. ఆ క్షణం మధ్యాహ్నానికి పూర్వమైతే ఆ దినమే, తరువాతనైతే మరుసటి దినం ఫర్వర్దీన్ మాసపు మొదటి తేదీ అవుతుంది. 1079లో మలిక్‌షా పాలనలో జరిగిన పంచాంగ సంస్కరణలో ఉమర్ ఖయ్యాం పాల్గొన్నాడు. నేటి ఇరాను సౌర పంచాంగం 1925లో శాసనబద్ధమైనది. నౌరోజునాడు వారు 'సీన్' అనే అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులను పళ్లెంలో అలంకరిస్తారు. మొలకెత్తిన ధాన్యం, వెల్లుల్లి, ఆపిలుపండు మొదలైనవి అందులో చేరుతాయి. మొలకలను పదమూడవ దినాన ఊరి వెలుపలికి తీసుకొనిపోయి నీటిలో విడుస్తారు. పండుగ వసంతంతోనే వస్తున్నందున మొలక అక్కడ సార్థకమైన ప్రతీక.

అదే జొరాస్ట్రియ సంప్రదాయం భారతదేశానికి వచ్చిన తరువాత ఏమైనదో చూడవలసి ఉన్నది. ఇక్కడి పార్సీలలో అధిక సంఖ్యాకులు అనుసరించే షాహన్‌షాహీ పంచాంగంలో సంవత్సరం సరిగా 365 దినాలు; లీపు దినం లేదు. నాలుగేండ్లకు ఒక దినం చొప్పున వెనుకకు జరిగి జరిగి వారి సంవత్సరాది ఇప్పుడు ఆగస్టు మధ్యభాగంలో వస్తున్నది. వసంతోత్సవంగా పుట్టిన పండుగ వర్షర్తువులో స్థిరపడినది. మార్చి 21న 'జంషేడీ నౌరోజు'ను కూడ వారు జరుపుకుంటారు. ఒక చిన్న భిన్నాన్ని ఉపేక్షిస్తే శతాబ్దాలలో పండుగ ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకంటె ప్రత్యక్ష నిదర్శనం లేదు.

ఐరోపాలో రోమనులకు పూర్వం మార్చియే మొదటి మాసం. సెప్టెంబరు మొదలు డిసెంబరు వరకు గల పేర్లకు వరుసగా ఏడవది, ఎనిమిదవది, తొమ్మిదవది, పదవది అనే అర్థాలు ఉండడం అందుకు సాక్ష్యం. క్రీ.పూ. 153 నుండి రోమను కాన్సలులు జనవరి 1న అధికారం స్వీకరించడం ఆచారమైనది. జూలియస్ సీజరు సంస్కరించిన పంచాంగంలో కూడ సంవత్సరం పదకొండు నిమిషాలు అధికం. ఆ దోషం పేరుకొనిపోగా 1582లో పోపు పదమూడవ గ్రెగొరీ పది దినాలను తొలగించి, అక్టోబరు 4 తరువాత 15వ తేదీని నిర్దేశించినాడు. ఇంగ్లండు 1752లో దీనిని స్వీకరించి, అంతవరకు మార్చి 25న ఉన్న సంవత్సరాదిని కూడ జనవరి 1కి మార్చుకున్నది. జనవరి 1కి ఏ ఋతువుతోను, ఏ నక్షత్రంతోను సంబంధం లేదు. కాని నాలుగు వందల సంవత్సరాలకు 97 లీపు దినాలనే నియమం వలన ఆ తేదీ ఋతుచక్రంలో తన స్థానాన్ని విడువదు.

మూడవది చాంద్రసౌర మార్గం. మాసాన్ని చంద్రునితో కొలిచి, అధికమాసంతో దానిని సూర్యునికి ముడివేయడం దీని స్వరూపం. పందొమ్మిది సౌరవత్సరాలు ఇంచుమించు 235 చాంద్రమాసాలకు సమానం. అనగా పందొమ్మిదేండ్లలో ఏడు అధికమాసాలు రావలెను. బాబిలోనీయులు ఈ చక్రాన్ని ఎరిగినవారు. యూదులు నేటికిని దీనిని పాటిస్తున్నారు. వారికి మాసగణన వసంతంలోని నిసాన్‌తోను, సంవత్సరగణన శరత్తులోని తిష్రీతోను మొదలవుతాయి. తేనెలో ముంచిన ఆపిలు ముక్కలను భుజించి, పొట్టేలి కొమ్మును ఊది వారు రోష్ హషానా జరుపుకుంటారు.

చైనీయుల పద్ధతి మన పద్ధతికి ఆశ్చర్యకరమైన రీతిలో సన్నిహితం. వారు సౌరపథాన్ని ఇరవైనాలుగు భాగాలు చేసి, అందులో పన్నెండింటిని ప్రధాన సంధులుగా గ్రహించినారు. ఏ చాంద్రమాసంలో ప్రధాన సంధి రాదో అది అధికమాసం. మనకు ఏ చాంద్రమాసంలో సంక్రాంతి రాదో అది అధికమాసం. సూత్రం ఒక్కటే. భేదం ఒక్క అంశంలోనే ఉన్నది. వారి సంధులు విషువాయనాలను అనుసరించే సాయన బిందువులు. మన సంక్రాంతులు నక్షత్రాలను అనుసరించే నిరయన బిందువులు. ఈ ఒక్క భేదం వలన వారి సంవత్సరాది ఋతువులో కదలక నిలిచినది. మన సంవత్సరాది కదులుతున్నది.

ఉగాది ప్రస్తుత స్థితి

సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే చాంద్రమాసం చైత్రం. కాబట్టి ఉగాది ఎల్లప్పుడు మేష సంక్రమణానికి పూర్వం ముప్పై దినాలలోపల వస్తుంది. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చినది. మొదటి రెండింటి నడుమ 384 దినాలు ఉండడానికి కారణం శోభకృత్తులో వచ్చిన అధిక శ్రావణం. ఈ విధంగా అధికమాసం ఉగాదిని మేష సంక్రమణానికి బంధించి ఉంచుతున్నది. ఇంతవరకు వ్యవస్థ నిర్దుష్టం. అయితే ఆ మేష సంక్రమణమే ఋతువుల నుండి జరుగుతున్నప్పుడు దానికి కట్టిన ఉగాది కూడ జరుగక తప్పదు.

సూర్యసిద్ధాంతం ప్రకారం సౌరవత్సరం 365 దినాల 6 గంటల 12 నిమిషాల 36 సెకండ్లు. ఇది ఋతువత్సరం కంటె సుమారు 24 నిమిషాలు అధికం. అనగా అరవై సంవత్సరాలకు ఒక దినం. వరాహమిహిరుని పంచసిద్ధాంతికకు గణనారంభం శక 427, అనగా క్రీ.శ. 505. ఆ కాలంలో మేష సంక్రమణం, వసంత విషువత్తు ఇంచుమించు ఏకకాలంలో జరిగేవి. నేడు విషువత్తు మార్చి 20 ప్రాంతంలోను, మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతంలోను వస్తున్నవి. పదిహేను శతాబ్దాలలో ఏర్పడిన అంతరం ఇరవైఅయిదు దినాలు. నేటి దృగ్గణితంలోని నాక్షత్ర వత్సరాన్ని గ్రహించినా సుమారు 71 సంవత్సరాలకు ఒక దినం చొప్పున ఈ జరుగుబాటు తప్పదు. ఉత్తరాయణం డిసెంబరు 22 ప్రాంతంలోనే ఆరంభమవుతుండగా మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో రావడానికి కారణం ఇదే.

ఉగాది పచ్చడిలో పడే ద్రవ్యాలను ఈ దృష్టితో పరిశీలింపవలెను. వేపపూత, మామిడి పిందె, కొత్త చింతపండు, కొత్త బెల్లం - ఇవన్నీ ఆ కాలంలో ప్రకృతి అందించేవి. షడ్రుచులకు వేదాంతార్థం చెప్పడం సముచితమే. కాని ఆ అర్థానికి ముందు వాటికి ఋతువర్థం కలదు. వేపచెట్టుకు పంచాంగం తెలియదు. అది సూర్యుని ఎరుగును. ఈ గతి ఇట్లే సాగితే మరి రెండువేల సంవత్సరాలకు ఉగాది ఏప్రిల్, మే మాసాల నడుమకు చేరుతుంది. అప్పటికి పూత రాలి కాయ కట్టి ఉంటుంది. ఇప్పటికే వైశాఖాన్ని వసంతమని పేర్కొంటూ వడగాలులను అనుభవిస్తున్నాము. దీనికి దేశభేదం కూడ కొంత కారణమే; అయితే అయనచలనం పాలు లేకపోలేదు.

పూర్వపక్షం - సమాధానం

దీనిపై సంప్రదాయజ్ఞులు చేసే ఆక్షేపం బలమైనదే. చైత్రమనే పేరు చిత్రా నక్షత్రం వలన వచ్చినది. పూర్ణిమనాడు చంద్రుడు చిత్రకు సమీపంలో ఉండడం చేతనే అది చైత్రం. విషువత్తును అనుసరించి మాసాలను సవరిస్తే కాలక్రమంలో చైత్ర పూర్ణిమకు చిత్రతో సంబంధం తెగిపోతుంది. నామం నిరర్థకమవుతుంది. నక్షత్రాశ్రితమైన వ్రతాలు, కర్మలు అస్తవ్యస్తమవుతాయి.

ఈ ఆక్షేపానికి సమాధానం మన వాఙ్మయంలోనే వెదకవలెను. తైత్తిరీయ సంహితలో మధు, మాధవ, శుక్ర, శుచి మొదలైన పన్నెండు మాస నామాలు ఉన్నవి. అవి నక్షత్రాలతో సంబంధం లేని ఋతునామాలు. మధుమాధవాలు వసంతమని, శుక్రశుచులు గ్రీష్మమని శ్రుతియే నిర్దేశించినది. అనగా మనకు రెండు మాసవ్యవస్థలు ఉన్నవి. ఒకటి సూర్యుని ఋతుగతికి, రెండవది నక్షత్రానికి సంబంధించినవి. ఒకానొక కాలంలో అవి ఏకీభవించినందున మధువే చైత్రమని వ్యవహారం స్థిరపడినది. అయనచలనం వలన ఆ రెండును మెల్లగా విడిపోతున్నవి. చిత్రను పట్టుకుంటే మధువు జారుతుంది. మధువును పట్టుకుంటే చిత్ర జారుతుంది. రెండింటిని శాశ్వతంగా పట్టి ఉంచడం ఏ గణితానికిని సాధ్యం కాదు.

ఇట్టి సందర్భంలో ఆచార్యులు ఏమి చేసినారు? వరాహమిహిరుడు బృహత్సంహిత ఆదిత్యచారాధ్యాయంలో, పూర్వశాస్త్రాలలో దక్షిణాయనం ఆశ్లేషార్ధం నుండి, ఉత్తరాయణం ధనిష్ఠాది నుండి చెప్పబడినవని అంగీకరించినాడు. తన కాలంలో అవి కర్కాటకాది, మకరాదులలో జరుగుతున్నవని స్పష్టం చేసినాడు. భేదం కలిగినప్పుడు ప్రత్యక్ష పరీక్షచేత తెలుసుకొనవలెనని నిర్దేశించినాడు. పూర్వుల మాట అసత్యమని ఆయన నిందించలేదు. అది ఒక కాలానికి సత్యమని గ్రహించి, తన కాలపు సత్యాన్ని దానికి జోడించినాడు. నేడు మకర సంక్రమణమే ఉత్తరాయణమని చెప్పేవారు వరాహమిహిరుని వాక్యాన్ని పట్టుకొని ఆయన పద్ధతిని విడిచినవారే అవుతారు.

ఆధునిక కాలంలో ఈ విషయాన్ని సమగ్రంగా పరిశీలించినది మేఘనాథ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం. 1955లో వెలువడిన నివేదిక ఫలితంగా 1957 మార్చి 22న, శక 1879 చైత్రం 1వ తేదీతో, భారత జాతీయ పంచాంగం అమలులోనికి వచ్చినది. అందులో సంవత్సరాది విషువత్తుకు మరుసటి దినం. ధార్మిక పంచాంగం విషయంలో సంఘం మధ్యమమార్గాన్ని సూచించినది. ఇంతవరకు జరిగిన అంతరాన్ని వెనుకకు మరల్పక, అయనాంశను 23 అంశల 15 కళల వద్ద స్థిరపరచి, ఇకమీదట పండుగలు ఋతువుల నుండి మరింత జరుగకుండ చేయవలెనని ఆ సూచన. జాతీయ పంచాంగం ప్రభుత్వ పత్రాలలోను, ఆకాశవాణిలోను స్థానం పొందినది కాని, గృహస్థుల ధార్మిక వ్యవహారంలో నిలువలేదు.

ఉపసంహారం

పైన పరిశీలించిన విషయాలను సంగ్రహిస్తే మూడంశాలు తేలుతున్నవి. సంవత్సరవాచక శబ్దాలు ఋతువునే సంవత్సరానికి ప్రాణంగా చూపుతున్నవి. చంద్రుని మాత్రమే ఆశ్రయించిన జాతి, సూర్యుని మాత్రమే ఆశ్రయించిన జాతి, ఇద్దరిని కలిపిన జాతి తమ తమ అవసరాలకు తగిన నియమాలను చేసుకున్నవి. ఆ నియమాన్ని మరల మరల ఆకాశంతో సరిచూసుకున్నవారి పండుగలే ఋతువులో నిలిచినవి.

ఉగాదిని మరొక దినానికి మార్చవలెనని శాసించే అధికారం ఏ ఒక్క పండితునకు లేదు. కోట్ల జనుల ఆచారం ఒక వ్యాసంతో మారదు; మారవలసిన పనియు లేదు. కాని మనం ప్రతి శుభకర్మలోను సంకల్పం చెప్పుకొంటూ అయనాన్ని, ఋతువును, మాసాన్ని, తిథిని వరుసగా ఉచ్చరిస్తున్నాము. సత్యవచనంతో ఆరంభం కావలసిన కర్మలో ఆకాశంలో లేని అయనాన్ని, నేలపై లేని ఋతువును పలుకుతున్నామేమో అని విచారించే బాధ్యత విద్వాంసులకు ఉన్నది. కనీసం జ్యోతిష, ధర్మశాస్త్ర విద్యార్థులకు సాయన నిరయన భేదం పాఠ్యాంశం కావలెను. పంచాంగకర్తలు నిరయన సంక్రమణంతో పాటు సాయన సంక్రమణ కాలాన్ని కూడ సులభంగా తెలిసే రీతిలో ప్రకటింపవలెను. పంచాంగ శ్రవణంలో కందాయ ఫలాలకు, ఆదాయవ్యయాలకు వెచ్చించే కాలంలో కొంత ఈ విషయానికి కేటాయిస్తే, విన్న గృహస్థు తానే ప్రశ్నింపగలుగుతాడు. సంఘం సూచించిన మధ్యమమార్గం వంటి పరిష్కారం ఏనాడైనా ఆచరణలోనికి రావలెనంటే అది శాసనం వలన కాక, అట్టి ప్రశ్న వలననే రావలెను. మేఘాలను చూచి దీక్షాదినాన్ని విచారించిన ఋషులకు, ప్రత్యక్షాన్ని ప్రమాణంగా గ్రహించిన వరాహమిహిరునకు మనం వారసులమని చెప్పుకొనడానికి అది కనీస అర్హత.